సున్న, సున్నం

బ్యాంకు పంపిన మనిషి గజేంద్ర
బూట్లతోనే పైకెక్కి, బూట్లతోనే దిగినాడు.
పావుగంట.
కాగితం మీద, స్థలం: రెండు కోట్ల పది లక్షలు.
కట్టడం: సున్న.

"తొంభై ఏళ్ళు దాటిన గోడకి
లెక్కల్లో ఊపిరుండదక్కా" అన్నాడు.
ఏటేటా తరుగు తీసుకుంటా పోతే
నేను పుట్టకముందే ఈ మేడ లేకుండా పోయిందంట.
ఆ లేని మేడ నీడలో నిలబెట్టి
అతనికి గోలీసోడా ఇప్పించినాను.

చిత్తూరు బజారు వీధి.
కింద నాలుగు అంగళ్ళు, పైన మూడు ఆఫీసు గదులు.
నుదుటి మీద గారతో పోసిన అంకెలు, 1928.
ఎనిమిదిలో ఎడమ పక్క రాలిపోయి
వీధిలోంచి చూస్తే మూడు.
అందుకే పన్ను రసీదులో మేడకి ఐదేళ్ళు ఎక్కువ.

డబ్బు నాదే. బంగారుపాళెం కాడ తోట అమ్మినాను.
తోతాపురి కిలో మూడు రూపాయలకి పడిన ఏడు
గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర
మా లారీ మూడు దినాలు నిలబడి కారింది.
ఆ పులుపు వాసన ముక్కులోంచి పోకముందే సంతకం పెట్టేసినాను.
చేతిలో డబ్బుంటే ఊరంతా పెద్దమనుషులే.
తిరుపతి బైపాసులో ప్లాటు కొను, రాళ్ళు కూడా పాతినారు.
బంగారం కొను, అది కూడు అడగదు.
మా మరిది భక్తవత్సలం మాత్రం
వక్క నములుతా మేడని ఎగాదిగా చూసి
"కొను వదినా, కొని కూల్చు" అన్నాడు.

బాడుగల పుస్తకం తెరిస్తే నవ్వొచ్చింది.
గడియారాల జిలానీ నెలకి నూటనలభై,
ఒకటో తేదీ పొద్దున్నే, మడత పడని నోట్లు.
విత్తనాల మునిరత్నం సెట్టి బాడుగ కోర్టులో కడతాడు.
ఆ కేసు వాదించే వకీలు పట్టాభి
అదే మేడలో, అదే ఓనరు నెత్తి మీద కూర్చోనుంటాడు.
టైపు నేర్పిన గదికి తాళం పడి పన్నెండేళ్ళు,
బల్లల మీద మిషన్ల కాళ్ళ గుంతలు
నాలుగేసి, నాలుగేసి.

బ్యాంకుకి చెప్పకుండా ఇంకో మనిషిని పిలిపించినాను.
గుడిపాల కన్నియప్ప మేస్త్రి
చెప్పులు మెట్ల కాడే విడిచినాడు.
గోడకి చెవి ఆనించి
పుచ్చకాయ బేరమాడినట్టు వేళ్ళతో తట్టినాడు.
గోరుతో గీకి, ఆ పొడి నాలిక మీద వేసుకుని
"కరక్కాయ నీళ్ళు... బెల్లం. మన మండీ బెల్లమే" అన్నాడు.

"సిమెంటు ముసలిదవతాదమ్మా.
సున్నం రాయవతాది.
ఇది ఇంకా అవతానే ఉండాది."

రోగం గోడలో లేదంట, నెత్తిన ఉందంట.
ఎవరో మహానుభావుడు మిద్దె మీద సిమెంటు పరిచి
దాని ఊపిరి మూసినాడు.
దిగిన వాన పోయే దోవ లేక
దూలాల మొనలు నానినాయి.
పదకొండు టేకు దూలాలు, మార్చాల్సింది మూడు.

ఊపిరి లేదన్నవాడు ఒకడు,
ఊపిరాడక ఉండాదన్నవాడు ఒకడు.
ఇద్దరికీ కూలి నేనే ఇచ్చినాను.

కొన్నాను.
బ్యాంకు స్థలానికే అప్పిచ్చింది, సున్నకి నా తోట పోయింది.
నేనేమీ పుణ్యాత్మురాలిని కాదు,
జిలానీ బాడుగ మూడు వేలు చేసినాను.
వారం దినాలు నా ముఖం చూడలేదు.
సెట్టి ఇంకా కోర్టులోనే.
టైపు గదిలోకి ఇద్దరు ఆడిటరు పిల్లలొచ్చినారు,
గుంతల బల్లలు అట్లే ఉంచమన్నారు, ఎందుకో.

నిన్న సారవ మీదినించి కన్నియప్ప కేకేసినాడు:
"అమ్మా, ఈ అంకె మూడుగా వదిలేదా,
ఎనిమిది చేసేదా?"

తడి సున్నం కళ్ళలో మండతా ఉంటే పైకి చూసినాను.
ఎనిమిదంటే ఏముంది,
ఒక సున్న మీద ఇంకో సున్న.
కింద అంగడి, పైన ఆఫీసు.

చెయ్యి మేస్త్రీ, అన్నాను.
ఐదో తేదీ కంతుంది, బిరబిరా చెయ్యి.